పులుసులో మామిడి ముక్క

మొన్న మా కోడలు హనుమాన్ జంక్షన్ మందుల షాపులో నాకోసం చేపనూనె క్యాప్సూళ్ల సీసా కొనుక్కొచ్చి, "మెదడుకి మంచిదట మావయ్యగారూ, వాసన కూడా రాదట" అంటూ చేతిలో పెట్టింది. సీసా మీద సన్నని అక్షరాల్లో డి.హెచ్.ఎ. అన్న కొవ్వు ఆమ్లం పేరు కనబడితే, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాను. నా ఉద్యోగపు తొలి సంవత్సరాలన్నీ ఆ మూడక్షరాలతోనే గడిచాయి.

దూరపు నగరంలోని ఒక ప్రయోగశాలలో, మానసిక వ్యాధులతో జీవించి మరణించినవారి మెదడు కణజాలంలోనూ, ఆ వ్యాధులు లేనివారి కణజాలంలోనూ కొవ్వు ఆమ్లాలు ఎంతెంత ఉన్నాయో కొలవడం నా పని. సీసాల మీద అంకెలే తప్ప పేర్లుండవు. ఏది ఎవరిదో తెలియకుండానే కొలవాలన్నది నియమం. ఆ నియమాన్ని చేతులతో పాటించాను గాని మనసుతో పాటించలేకపోయాను; డిగ్రీ చదువుతూండగా అలాంటి జబ్బే వచ్చి, నూజివీడు దగ్గర మా ఇంట్లోనే ఉండిపోయిన మా అక్క నాకు ప్రతి సీసాలోనూ కనిపించేది.

కొలతలు ముగిసి, ఏ అంకె ఎవరిదో బయటపెట్టాక, వ్యాధిగ్రస్తుల నమూనాలు కొన్నింటిలో, చేపల్లో దొరికే ఆ ఆమ్లం కాస్త తక్కువగా కనబడగానే ఉత్సాహం పట్టలేక అమ్మకు ఉత్తరం రాశాను. రెండు వర్గాల కొలతలూ కలగలిసిపోయి ఉన్నాయనీ, ఒక్క సీసాను చూసి అది ఎవరిదో చెప్పలేమనీ, తిన్న చేప మెదడులోని లోటును తీరుస్తుందో లేదో తెలియదనీ మాత్రం రాయలేదు. మాది తరతరాలుగా గుడి కైంకర్యం చేసిన ఇల్లు. అయినా అమ్మ, మా మామిడితోటను కౌలుకు చేసే ఆయన భార్యను పిలిపించి, వారానికి రెండుసార్లు వాళ్ళింట్లో అక్కకు చేపల పులుసు పెట్టమని బతిమాలిందట. అంతటితో ఆగక, ఇక అవసరం లేదనుకుని అక్క వాడుతున్న మాత్రలు మాన్పించింది.

కాయకోతలకు సెలవు మీద వచ్చేసరికి అక్క నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. అది నా ఉత్తరం చేసిన పని. బెజవాడ తీసుకువెళితే, అంతా విన్న డాక్టరుగారు, "చేపలు మీ ఇష్టమండీ, మాత్రలు మాత్రం నా ఇష్టం" అన్నారు. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, పులుసూ సాగింది.

ఏడాది తిరిగేసరికి అక్క తేరుకుంది. రసాలు వేరుగా, బంగినపల్లి వేరుగా వరిగడ్డిలో పేర్చి మాగబెట్టే పని తానే అందుకుంది. అది చేపల మహిమని అమ్మ, మాత్రల గుణమని నేను వాదించుకుంటూంటే విన్న కౌలుదారు భార్య, నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మాయిగారు ఒక్కనాడూ చేప ముట్టలేదండీ బాబూ! పులుసులో మామిడి ముక్కలేరుకుని, కాయల్లేని రోజుల్లో ఒరుగులేరుకుని తినేవారు. చేపంతా మా పిల్లికే. మీ లెక్క ప్రకారం తెలివి మా పిల్లికి రావాలండీ! అమ్మగారికి మాత్రం చెప్పకండి, ఇటు రానివ్వరు. పొయ్యి దగ్గర పీటేసుకుని ఎన్ని కబుర్లు చెబుతారనుకున్నారు!"

కొలిచినదేదీ దాచకూడదని నేర్చుకున్నవాణ్ణి, ఆ ఒక్క సంగతి మాత్రం అమ్మ పోయేదాకా చెప్పలేదు. అక్క పీట అక్కడే ఉండాలి గనుక. మాత్రలు ఎంత మేలు చేశాయో, ఆ పీట ఎంత చేసిందో విడదీసి చూపే యంత్రం మాత్రం ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా కంటబడలేదు.

ఇప్పుడు అక్కా లేదు, ఆ పొయ్యీ లేదు. కోడలు మనసు నొచ్చుకోకూడదని రోజూ పొద్దున్నే ఒక క్యాప్సూల్ మింగుతున్నాను. నిజంగానే వాసన రాదు. దీనికోసం ఎవరి గడపా తొక్కనక్కరలేదు, ఎవరి పొయ్యి దగ్గరా కూర్చోనక్కరలేదు. గుక్కెడు నీళ్ళు చాలు.