పడుగు మీద జీపు

నేతగాళ్ల నమ్మకం సంపాదించమని నన్ను పంపితే, మొదటి పొద్దునే వాళ్ల పడుగు మీద జీపు ఎక్కించాను. నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వేయండి. నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది.

చెన్నూరు పక్కన ఒక ఊళ్లో చేనేత కేంద్రం మూతపడేలా ఉంది. అంతా నాకంటే ముందున్న మేనేజరు నిర్వాకం. పాసిపోయి, పట్టుకుంటే తెగే నూలు ఇచ్చాడు. నేసి తెచ్చిన చీరల్ని వాన కురిసే గోదాములో పడేసి చెదలకు మేపాడు. జనం కేంద్రానికి నేయడం మానేశారు. ఎండాకాలంలోగా మగ్గాలు ఆడకపోతే ఎత్తేస్తామన్నాడు మా ఆఫీసరు. ఎత్తేస్తే వాళ్లకు నూలెక్కడిది? సగం మంది బతుకుదెరువుకు షోలాపూరు పోవాల్సిందే.

నడిచి ఇంటింటికీ పోతానన్నాను. వింటేనా!

"ఆడమనిషివి. జర రువాబు ఉండాలె. జీపుల పో, మైకు పెట్టు" అన్నాడు.

నేనూ ఒప్పుకున్నాను. మైకంటే నాకూ సరదానే కదా, ఎందుకు దాచాలి!

చలికాలం, అప్పుడే తెల్లవారింది, ఒకటే మంచు. డ్రైవరు మల్లయ్య అద్దం తుడుచుకుంటూ తోలుతున్నాడు. నేను మైకులో "ఇకనుంచి మీ కష్టం వృథా పోదు" అని మొదలుపెట్టాను. సందు మలుపు తిరిగాం. జనం చేతులెత్తి అరుచుకుంటూ ఎదురొస్తున్నారు. అబ్బ, ఏం స్వాగతం! నేనూ చెయ్యి ఊపాను.

వాళ్లు అరిచింది "ఆగుండ్రి! ఆగుండ్రి!" అని. నా మైకు మోతలో నాకు వినబడితేగా!

మగ్గానికి ఎక్కించే ముందు పడుగు పోగులను సందు పొడవునా సాగదీసి, ఎండ ముదరకముందే ఇంటిల్లిపాదీ కుంచెలతో గంజి పట్టిస్తారు. మా జీపు ఆ పోగుల్లోంచి దూసుకుపోయింది. తెగిన దారాలు జీపు ముందర పెండ్లికొడుకు పూలదండల్లా వేలాడుతున్నాయి.

పడుగు రాజవ్వది. కుంచె పట్టుకుని నా ఎదుట నిలబడింది.

"పాత సారు చీరలు నేసినంక ఖరాబు జేసిండు. నువ్వు నేయకముందే జేసినవ్. సారు కంటే నువ్వే తేజున్నవమ్మా!"

పక్కనెవరో "కొండగట్టు అంజన్నా, గీ సర్కారోళ్ల నుంచి నువ్వే కాపాడాలె" అని దండం పెట్టారు.

మల్లయ్య ఊరుకోవచ్చుగా! "సడక్ మీద నూలు ఎవలు పరువమన్నరు?" అన్నాడు.

నాకు తిక్కరేగింది. వాడి మీద కోపం, ఆఫీసరు మీద కోపం, మైకు మీద కోపం. చెయ్యి ఊపిన నా మీద అన్నిటికంటే కోపం.

"ఇంజను బంద్ చెయ్. దిగి, జీపును సందు బయటి దాకా తోసుకపో!" అన్నాను. తోశాడు. తిట్టుకుంటూ తోశాడు.

నేను మైకు అవతల పెట్టి, తెగిన పోగుల దగ్గర కూలబడ్డాను.

"అతుకుడు వస్తదా?" అంది రాజవ్వ.

"రాదు. చూపియ్యి."

పొద్దుగూకేదాకా పోగులు అతికించాను. ఆడవాళ్లు నా చుట్టూ చేరి పొట్టలు పట్టుకుని నవ్వారు. "గిది అతుకా? బర్రెను కట్టేసే ముడా?" రాజవ్వ నేను వేసిన ముడులన్నీ విప్పి మళ్లీ వేసింది. నమ్మకం గిమ్మకం అన్న ఊసు ఎవరూ ఎత్తలేదు. లేచేటప్పుడు మాత్రం ఆమె అంది, "మంచి నూలు తే, సూద్దాం. మళ్లా పాసిందే తెచ్చినవనుకో, నీ మైకుకే చుడత."

మంచి నూలే తెచ్చాను, ప్రతి చుట్టా నేనే గుంజి చూసి. ముందు రాజవ్వ మగ్గం ఆడింది, తర్వాత సందంతా ఆడింది. కేంద్రం నిలిచింది.

పోగులు అతికించిన ఆ మొదటి సాయంత్రమే ఒకటి అనుకున్నాను: ఆ సందులోకి ఏ జీపూ రాదు. నాది రాదు, ఇంకెవరిదీ రాదు. మగ్గాలు చూద్దామని మా ఆఫీసరు ఒకరోజు పొద్దున్నే జీపులో వచ్చినప్పుడు, సందు మొగదల చేతులు చాచి అడ్డం నిలబడ్డాను.

"ఏందిది? నేను ఆఫీసర్ను!"

"ఎరుకే సార్. దిగుండ్రి."

దిగాడు. గుర్రుమంటూ గోడవారన నడిచాడు. వెనక నుంచి రాజవ్వ, "సారును చెయ్యి ఊపమనమ్మా!" అని కేకేసింది.

నేను ఇప్పటికీ ఆ సందు మొగదలనే దిగుతాను. రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని నడుస్తాను. ఎవరైనా అరిస్తే ముందు ఆగుతాను. ఊపడం సంగతి తర్వాత.