వాని పేపరునే అందరు చూపెట్టిండ్రు

జగిత్యాలల నేను, నా దోస్తు ఒక్క లాబ్‌లనే వరికి పట్టే ఉల్లికోడు పురుగు మీద పనిచేసినం. నక్సలైట్ల బందుకు బస్సులు ఆగితే, నేను సైకిల్ మీద కోరుట్ల పొలాలకు పోయి పురుగులు లెక్కవెట్టిన. పోలీసోళ్లు ఆపి నా పురుగుల సీసాలన్నీ విప్పి చూసిండ్రు.

నా పరిశోధన పేపరు ఇక్కడి చిన్న పత్రికల అచ్చయింది. వాడు తన పేపరుకు పెద్ద ప్రొఫెసర్ పేరు జోడించి విదేశీ పత్రికకు పంపిండు. తర్వాత రాసినోళ్లంత వాని పేపరునే ఉదహరించిండ్రు. నాదాన్ని ఒక్కరు తల్వలే.

సిరిసిల్ల మీటింగుల వాడే అన్నడు: "నీ లెక్కలే మంచిగున్నయిరా. కానీ గా పత్రిక ఎవలకు దొరుకుతది?"

నిజమే. గందుకే ఇంక మండింది.

ఇంటికొచ్చి, నేను రాస్తున్న కొత్త పేపరుల ఉదహరించిన వాని పేరు కొట్టేసిన. రెండు దినాలకు సిగ్గయి, పండ్లు కొరుక్కుంట మళ్ల రాసిన.