సమ్మెలో ఉన్న మనిషి తొక్కిన సైకిల్

మొన్న దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడి ఉంటే ఒక బస్సు వచ్చి నా ముందు ఆగింది. వచ్చినట్టే తెలియలేదు. ఇంజను మోత లేదు, పొగ లేదు, కిటికీ అద్దాలు గడగడలాడలేదు. కరెంటు బస్సట. ఎక్కి కూర్చున్నానే గానీ బస్సెక్కినట్టు అనిపించలేదు. చప్పుడు చేయని బస్సూ, ఘాటు లేని ఆవకాయా నా దృష్టిలో ఒకటే. దీన్ని మా పాత ఇంటి ఓనరు చూస్తే ఏమనేవాడా అని ఎల్బీనగర్ దాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయన సిటీ బస్సు డ్రైవరు. మెయిన్ రోడ్డు మీద పోయే బస్సు చప్పుడు ఇంట్లోంచే విని, గేరు తప్పు వేసినవాణ్ణి మంచం మీద నుంచే తిట్టేవాడు.

ఆయనది నల్గొండ పక్క పల్లె, మాది కృష్ణా జిల్లా. కింద వాళ్లు, పైన మేము. మేం మజ్జిగ అడిగితే వాళ్లు సల్ల ఇచ్చేవాళ్లు, తాగితే రెండూ ఒకే రుచి. నేను అలవాటు కొద్దీ "అన్నయ్యగారూ" అని పిలిస్తే మొదట్లో ఆయన వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేవాడు. "గారు ఎందుకమ్మ, అన్నా అంటె సాలు" అన్నాడు. నాకు నోరు తిరగలేదు. చివరికి "అన్నగారూ" దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఇంట్లో ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. అయినా మా ఆయనకు లోపల గుబులు. బెజవాడకు బదిలీ పెట్టుకుంటానని రోజూ అనేవారు. నేను అప్పుడే ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను, ఇంకా పర్మనెంటు కాలేదు. "నీ ఉద్యోగం ఖాయమైతే ఉందాం, లేకపోతే సామాను సర్దేద్దాం" అని ఆయన తేల్చేశారు. నాకు వెళ్లాలని లేదు. ఆ వీధి, ఆ మేడ, చేగోడీల కోసం నా చేతిసంచి వెతికే ఆ తొమ్మిదో తరగతి పిల్లలు, అన్నీ నాకు నచ్చాయి. ఎందుకు నచ్చాయంటే చెప్పలేను.

అంతలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బొగ్గు గనుల్లో పని ఆగింది, దాంతో మాకు కరెంటు కోతలు మొదలయ్యాయి. బస్సులు డిపోలు దాటలేదు. మా ఓనరు జీవితంలో మొదటిసారి ఇంటిపట్టున ఉన్నాడు. ఉన్నాడే గానీ కాళ్లు నిలవవు. కుర్చీలో కూర్చుని కబుర్లు చెబుతూనే కుడికాలితో నేల మీద బ్రేకు నొక్కేవాడు. డిపో ముందు అందరూ చేతులు చాచి, పని ముట్టబోమని ఒట్టు పెట్టుకున్నారట. దాన్ని ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, "నీళ్ల బిందె అందుకొమ్మన్నా సమ్మెల ఉన్న అంటడు, గీయన తోని ఎట్ల ఏగాలె?" అని ఆయన భార్య నాతో మొర పెట్టుకునేది.

సమ్మెకు మూతపడిన స్కూలు కొన్నాళ్లకు తెరిచారు. కరస్పాండెంటు గారు నా పాఠం ఒకటి కూర్చుని వింటాననీ, దాన్నిబట్టి నా ఉద్యోగం సంగతి చూస్తాననీ కబురు పెట్టారు. పాఠం: శక్తి రూపాలు, ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి అది మారడం. మా టేబుల్ ఫ్యాను, మిక్సీ, ఇస్త్రీపెట్టె మోసుకెళ్లి చూపిద్దామనుకున్నాను. తీరా కోతల వేళలు చూస్తే సరిగ్గా ఆ పీరియడ్‌లోనే కరెంటు ఉండదు. మెట్ల మీద తలపట్టుకుని కూర్చుంటే ఓనరు చూశాడు.

"ఏమైంది టీచరమ్మా, గట్ల పరేషాన్‌గ కూసున్నరు?"

చెప్పాను. "మా సైకిల్‌కు డైనమో ఉన్నది గద! బుగ్గ ఎలుగుతది. మీరు తొక్కితె చీర చుట్టుకుంటది. నేనే ఒస్తా" అన్నాడు. బుగ్గ అంటే వాళ్ల మాటల్లో బల్బు. మరి సమ్మె సంగతో అని నేనంటే, "సైకిల్ తొక్కుడు పనెట్లయితది? షోకు గద" అన్నాడు. ఆ మాట విని మా ఆయన, "ఏంటీ, నీ ఉద్యోగం ఆయన కాళ్ల మీద ఆధారపడిందా?" అన్నారు. నిజానికి అంతే.

మర్నాడు తరగతి గదిలో కిటికీలు మూసి, సైకిల్‌ని స్టాండు మీద నిలబెట్టాం. వెనక చక్రం గాల్లో ఉంది, డైనమో టైరుకు ఆనుకుంది. కరస్పాండెంటు గారు చివరి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. ఆయన కామర్సు చదివిన మనిషి. ఓనరు తొక్కడం మొదలుపెట్టగానే నల్లబల్ల మీద పసుప్పచ్చని వెలుగు గుండ్రంగా పడింది. పిల్లలు కేకలు. పొద్దున ఏం తిన్నారని పిల్లలచేత ఆయన్ని అడిగించాను. "జొన్నరొట్టె, చింతకాయ తొక్కు" అన్నాడు ఆయాసపడుతూ. ఆ వెలుగులోనే బోర్డు మీద రాశాను: రొట్టె, కాళ్లు, చక్రం, డైనమో, బల్బు. పాఠం నల్లేరు మీద బండిలా సాగిపోతోంది. అప్పుడే రెండో వరసలోంచి ఒక పిల్ల లేచింది.

"అంకుల్, మీరు సమ్మెల ఉన్నరు గద. మరి పని చేస్తున్నరేంది?"

ఓనరు కాళ్లు ఠక్కున ఆగిపోయాయి. గది చీకటైంది. చెమట తుడుచుకుంటూ నావైపు తిరిగాడు. ముఖంలో నవ్వు లేదు. "గిది పనా కాదా టీచరమ్మా? ఖుల్లా చెప్పుండ్రి" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఇంకో పిల్ల అందుకుంది. "కాదంకుల్! నిన్న టీచరే చెప్పిన్రు. మూట నెత్తిన పెట్టుకోని బస్టాపుల గంటసేపు నిలవడ్డా, జరగకుంటె పని సున్ననట. సైకిల్ ఉన్నకాడ్నే ఉన్నది. పని సున్న!"

తరగతంతా "సున్న, సున్న" అని అరిచింది. ఓనరు ముఖం వెలిగింది. నేను తలూపితే చాలు, బల్బూ వెలిగేది. కరస్పాండెంటు గారు పట్టుకోగలిగేవారూ కాదు. కానీ ఆ పిల్లలు రేపు పరీక్షలో అదే రాస్తారే! సమ్మెలో ఉన్న మనిషితో, నల్గొండ పిల్లలు సగం ఉన్న తరగతిలో, ఆంధ్రా నుంచి వచ్చిన నేను, "సైకిల్ కదల్లేదు గానీ పెడల్ కదిలింది, చక్రం తిరిగింది. పని జరిగింది అన్నగారూ" అన్నాను.

అయిపోయింది, ఇక బెజవాడే అనుకున్నాను. ఆయన మళ్లీ హ్యాండిల్ మీద చేతులు పెట్టాడు.

"పనైతె పనే. సమ్మె డిపోల. గీడ కాదు. సమ్మె చేసేదే గీ పిల్లల కోసం, గీళ్లకే ఎలుగు బంద్ పెడ్తనా?" అని మళ్లీ తొక్కాడు. ఈసారి ఎంత జోరుగా తొక్కాడంటే బుగ్గ మాడిపోతుందని భయమేసింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అందరూ బల్బునే చూస్తున్నారు, నన్నెవరూ చూడలేదు.

గంట కొట్టాక కరస్పాండెంటు గారు బెంచీలోంచి బయటపడి, "వచ్చే నెల నుంచి పదో తరగతి కూడా మీరే చూడండమ్మా" అన్నారు. సాయంత్రం మా ఆయన ఇదంతా విని చాలాసేపు నవ్వారు. చివరికి, "సరేలే, ఇంకో ఏడాది చూద్దాం" అన్నారు.

సమ్మె ముగిసింది, రాష్ట్రం వచ్చింది, ఓనరు రిటైరయ్యాడు, మేం ఇల్లు కొనుక్కున్నాం, మా అమ్మాయి ఇప్పుడు నన్నే "ఏందమ్మా" అంటుంది. ఆ ఇంకో ఏడాది మాత్రం ఇంకా అయిపోలేదు.