ఓడలో మాకు గది ఎంచింది ఎవరు?

దెయ్యాల భయంతో సీటు మార్చమన్న వాళ్లను నవ్వి పంపేసిన మనిషిని నేను. చిత్తూరు బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్ వెనక ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్నాను. పదమూడో నంబరు వద్దనే వాళ్లు, ఎనిమిది కలిసిరాదనే వాళ్లు, ఫలానా సీట్లో ఒకాయన గుండె ఆగి పోయాడట కదా అని గొంతు తగ్గించి అడిగే వాళ్లు, అందరినీ చూశాను. "ఆయన టికెట్ అయిపోయింది, దిగిపోయినాడు లేమ్మా" అని ఎగతాళి చేసేవాణ్ణి.

ఇప్పుడు నేను రాసేది చదివి మీరు నవ్వితే తప్పు పట్టను. మీ స్థానంలో ఉంటే నేనూ నవ్వేవాణ్ణే.

ముందు మా ఆవిడ విజయ సంగతి చెప్పాలి. కరోనా రెండో విడతలో పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడింది. నన్ను లోపలికి రానివ్వలేదు. ఇంటికి వచ్చాక మనిషి బాగానే ఉంది. వంట చేస్తుంది, సీరియల్ చూస్తుంది, పాలవాడితో నీళ్ల గురించి పోట్లాడుతుంది. కానీ ఆ రోజు నుంచి పడకగదిలో పడుకోలేదు. వీధి వైపు హాల్లో, కిటికీ కింద చాప వేసుకుంటుంది. కిటికీ రెక్కలు మూస్తే లేచి మళ్లీ తీస్తుంది. ఇంకో ఊళ్లో ఒక్క రాత్రి కూడా ఉండదు. సొంత చెల్లెలి ఇంట్లో పండగైనా పొద్దు గూకే లోపల ఇల్లు చేరాల్సిందే.

ఏమిటి నీ భయం అని చాలాసార్లు అడిగాను. "ఏమీ లేదులే" అనేది. మూసిన గదిలో గాలాడక ఆస్పత్రి గుర్తొస్తుందేమోనని నేనే ఒక నిర్ణయానికి వచ్చేశాను. అట్లా మూడేళ్లు ఆమె హాల్లో, నేను లోపల. ఈ వయసులో ఇదేం వేరుకాపురం అని నలుగురిలో జోకు వేసేవాణ్ణి గానీ, లోపల బాధగానే ఉండేది.

మా అమ్మాయి హేమ సత్యవేడు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మా పెళ్లయి ముప్పై అయిదేళ్లు నిండుతున్నాయని, చెన్నై నుంచి బయల్దేరే ఓడలో మా ఇద్దరినీ మూడు రోజులు పంపుతానని పట్టుబట్టింది. విజయ వద్దంటుందనే అనుకున్నాను. ఆమె మాత్రం "సరే, పోదాం. ఆడ కూడా నిద్ర పట్టకుంటే ఇంక నన్ను యాడికీ పిలవబాకండి" అంది. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. తేలిగ్గా అన్న మాట కాదది.

"నాయనా, గది నువ్వే సూసి చెప్పు. సీట్లు ఎంచేది నీకంటే ఎవురికి తెలుసు" అని హేమ ఓడ ప్లాను ఫోనుకు పంపింది. మూడో రోజు మధ్యాహ్నం లోపల ఖాయం చేయాలి. ఫోన్లో చూస్తే చీమల బారులాగా ఉంది. జిరాక్స్ షాపు ఆమె చేత పెద్ద కాగితం మీద తీయించుకొచ్చి, టేబుల్ మీద పరుచుకుని కూర్చున్నాను. రిటైరయ్యాక అంత హుషారుగా ఏ పనీ చేయలేదు.

బస్సులో అయితే వెనక వరస ఎవరూ కోరుకోరు. ఓడలో మాత్రం వెనక మూల గదులే గొప్పవట. మామూలు గది బాల్కనీలో రెండు కుర్చీలు పడితే ఎక్కువ. మూల గదికి రెండు వైపులా తిరిగి, మా హాలంత బాల్కనీ. మంచానికి ఎదురుగా నిలువెత్తు అద్దం తలుపు, దాని అవతల ఆ ఖాళీ జాగా, ఆ తర్వాత సముద్రం. గాలికి కొదవే లేదు, విజయకు కావలసింది ఇదే అనుకున్నాను. పిలిచి చూపించాను. కాగితం వైపు ఒకసారి చూసి "నీకు బాగుంటే సరే" అని వంటింట్లోకి పోయింది. నేను దాన్నే ఒప్పుకోలు అనుకుని, ఆ గది పట్టి పెట్టమని హేమకు ఫోన్ చేశాను. మెట్ల పక్క గదుల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఎప్పుడూ జనం తిరుగుతుంటారు, చప్పుడు, తీసుకోవద్దు అని అందరూ చెప్పే గదులవి.

కాగితం మీద నేను ఏ గుర్తూ పెట్టలేదు. అది నాకు బాగా గుర్తుంది. దాన్ని శుభ్రంగా దాచి ఉంచాలని పెన్ను కూడా దగ్గర పెట్టుకోలేదు.

మరుసటి రోజు బంగారుపాళ్యంలో విజయ చెల్లెలి మనవరాలికి పేరు పెట్టే పండగ. పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. తాళం వేసింది నేనే, తాళంచెవి నా జేబులోనే ఉంది. రెండోది సత్యవేడులో హేమ దగ్గర ఉంటుంది. సాయంత్రం అయిదింటికి తిరిగొచ్చాం. వేసిన తాళం వేసినట్టే ఉంది. కిటికీల గడియలు కూడా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. టేబుల్ మీద కాగితం కదల్లేదు.

కాగితం మీద మాత్రం రెండు గుర్తులున్నాయి. వెనక మూల గది మీద ఎర్ర పెన్సిల్‌తో సగం చుట్టి వదిలేసిన సున్నా, లోపల ఒక చుక్క. మెట్ల పక్క ఒక చిన్న గది కింద నీలం పెన్సిల్‌తో రెండు పొట్టి గీతలు.

ఆ గుర్తులు ఎవరివో నాకు తెలుసు. ఆ మనిషి చనిపోయి అప్పటికి ఏడేళ్లు.

ఆయన పేరు బాషా అన్న. కౌంటర్లో నాకు సీనియర్, పని నేర్పిన మనిషి. కంప్యూటర్లు రాకముందు బస్సుకొక చార్టు ఉండేది, అందులో చేత్తో పేర్లు రాసేవాళ్లం. ఒక చివర ఎరుపు, ఒక చివర నీలం ఉండే పెన్సిల్ ఎప్పుడూ ఆయన చెవి మీద ఉండేది. టికెట్ అడిగిన మనిషిని ముందు కాసేపు చూసేవాడు. తర్వాత చార్టులో ఒక సీటు మీద ఎర్రగా సగం సున్నా, లోపల చుక్క పెట్టేవాడు. ఈ మనిషికి ఇది ఇవ్వద్దని దాని అర్థం. ఇంకో సీటు కింద నీలంగా రెండు గీతలు గీసేవాడు. ఇది ఇవ్వమని. కౌంటర్లో ఉన్న మా ముగ్గురికి తప్ప ఇంకెవరికీ ఆ గుర్తులు తెలియవు.

ఒకసారి హైదరాబాదు బస్సులో ముందు వరస కిటికీ సీటు కావాలని ఒకామె అడిగింది. ఖాళీగానే ఉంది. ఆయన దాని మీద సున్నా పెట్టి, ఆమెకు నాలుగో వరస ఇచ్చాడు. ఎందుకు ఇవ్వలేదని తర్వాత అడిగాను. "సీటు మంచిదే అబ్బా, ఆమెకు కాదు. బయట లారీ హారన్ కొడితే ఆమె చెయ్యి వణికింది, నువ్వు సూడలేదా? ముందర కూర్చుంటే దోవ పొడుగునా ఎదురొచ్చే లారీలే గదా" అన్నాడు. ఆమె కొడుకు లారీ కింద పడి పోయాడని కొన్నాళ్లకు ఎవరో చెప్పారు. ఆయన దగ్గర మంత్రాలేమీ లేవు. మనిషిని చూసేవాడు, అంతే. నేను చార్టు చూసేవాణ్ణి.

ఆయన పోయినప్పుడు ఖబరస్తాన్ దాకా వెళ్లి మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాను. కాబట్టి ఆ విషయంలో పొరపాటు లేదు.

మొదట నన్ను నేనే అనుమానించాను. పరధ్యానంలో నేనే గీశానేమో. కానీ మా ఇంట్లో ఎరుపు నీలం పెన్సిల్ లేదు. బీరువా, హేమ చదువుకున్న రోజుల అట్టపెట్టెలు అన్నీ దించి వెతికాను. పైగా బాషా అన్నది ఎడమచేతి వాటం. ఆయన సున్నా తోక ఒక రకంగా పక్కకు జారుతుంది. తెల్ల కాగితం మీద పదిసార్లు గీసి చూశాను, నా చేతికి రాలేదు. విజయను అడిగితే "నాకేం తెలుసు, పొద్దన్నించి నీ పక్కనే ఉండాను గదా" అంది. నిజమే. ఆమె బాషా అన్న పేరు వినడమే తప్ప మనిషిని ఎన్నడూ చూడలేదు. ప్లానులోనే ఉందేమోనని జిరాక్స్ షాపుకు పరుగెత్తి ఇంకో కాపీ తీయించాను. శుభ్రంగా వచ్చింది. నా కాగితం మీద ఎరుపును రుద్దితే వేలికి అంటింది.

కౌంటర్లో మాతో పనిచేసిన మూడోవాడు మునిరత్నం, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాడు. గది ఖాయం చేయడానికి ఒక్క పూట మిగిలింది. తెల్లారగానే బస్సెక్కి పోయి, ఏమీ చెప్పకుండా కాగితం ఆయన ముందు పెట్టాను. గుర్తు మీద వేలు పెట్టి "బాషా అన్నది గదప్పా ఇది. యాడ దొరికింది పాత చార్టు?" అన్నాడు. చార్టు కాదు, ఓడ ప్లాను, నిన్న గీసింది అని చెప్పాను. ఆయన వేలు తీసేశాడు. కాఫీ ఇచ్చి, బస్టాండు దాకా వచ్చి ఎక్కించాడు గానీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తిరుగు బస్సులోంచే గది మార్చమని హేమకు ఫోన్ చేశాను. అమ్మాయికి కోపం వచ్చింది. "అంత పెద్ద బాల్కనీ ఇడిసిపెట్టి మెట్ల పక్కనా నాయనా? ఆ సప్పుడుకు అమ్మకు నిద్ర పట్టదు. ఇది చెడిపోతే అమ్మ ఇంక గడప దాటదు" అంది. నాకూ అదే భయం. అసలు కారణం చెప్పలేక, ఆ నంబరు మనకు కలిసిరాదని చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్లు ఎవరిని చూసి నవ్వానో వాళ్ల మాటే నా నోట్లోంచి వచ్చింది. విజయకేమో పెద్ద గది ఎవరో తీసుకున్నారని ఇంకో అబద్ధం. తెలివి ఉన్న మనిషి చేసే పనేనా ఇది అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా మళ్లీ మార్చమనడానికి ధైర్యం చాల్లేదు.

ఓడలో మాకు దొరికిన గది చిన్నది, తల వైపు రెండు కుర్చీలు పట్టే బాల్కనీ. మంచం పక్కన గోడ, గోడ అవతల మెట్లు. పిల్లల పరుగులు, నవ్వులు, ప్లేట్ల చప్పుడు ఎంత రాత్రయినా ఆగలేదు. అంతా చెడగొట్టుకున్నానని లోలోపల మొత్తుకుంటూ పడుకున్నాను. విజయ కాసేపు ఆ చప్పుళ్లు విని అటు తిరిగింది. పొద్దున ఏడింటికి కాఫీ తెచ్చి నేనే ఆమెను లేపాల్సి వచ్చింది. మూడేళ్లలో అది మొదటిసారి. ఆ బుల్లి బాల్కనీలోకి వెళ్లి, ఆమెకు కనపడకుండా ఏడ్చాను.

టిఫిన్ల దగ్గర నాయుడుపేట దంపతులు పరిచయమయ్యారు. వెనక మూల గది వాళ్లదేనట. మేం మొదట పట్టుకుని వదిలిన గదే. మధ్యాహ్నం వాళ్ల బాల్కనీ చూడ్డానికి రమ్మన్నారు. ఆయన తలుపు తెరిచి పక్కకు నిలబడ్డాడు. మంచం, కాళ్ల వైపు అద్దం తలుపు, దాని అవతల ఎండలో తెల్లగా, వెడల్పుగా ఖాళీ నేల. గది నిజంగా చాలా బాగుంది. వాళ్లకు అందులో ఏ ఇబ్బందీ రాలేదు, హాయిగా ఉన్నారు.

విజయ మాత్రం గడప దగ్గరే ఆగిపోయింది. గోళ్లు దిగేంత గట్టిగా నా మణికట్టు పట్టుకుంది. ఆమెకు తల తిరుగుతోందని వాళ్లకు చెప్పి వెనక్కి తీసుకొచ్చాను.

మా గదికి వచ్చి మంచం మీద కూర్చుని అప్పుడు చెప్పింది. "ఆస్పత్రిలో నా కాళ్ల కాడ అట్లాంటి అద్దం తలుపే ఉన్నింది. అవతల పెద్ద వరండా. పోయినోళ్లను సుట్టి, బండి వచ్చేదాకా ఆడ పెట్టేటోళ్లు. కర్టెన్ కూడా లేదు. పదకొండు దినాలు అదే సూస్తా పండుకున్నా. అలికిడి లేనప్పుడు నేను కూడా ఆ పక్కనే ఉండానేమో అనిపించేది. ఇప్పుటికీ అంతే. మనుషుల సప్పుడు వినపడితేనే ఈ పక్క ఉండానని నమ్మకం."

నువ్వు కిటికీ తీసేది గాలి కోసం అనుకున్నాను అన్నాను. ఆమె నా వైపు చూసి "గాలికేం, అది యాడైనా ఉంటాది" అంది.

ఈ మాట ఇంతకుముందు ఎవరికైనా చెప్పావా అని అడిగాను. హేమకు చెప్పలేదు. చెల్లెలికి చెప్పలేదు. డాక్టరుకూ చెప్పలేదు. నాకు చెప్పలేదని నాకే తెలుసు.

నా బుర్ర అక్కడే ఆగిపోయింది. తాళం, పెన్సిల్, ఎడమచేయి అన్నీ పక్కన పెట్టండి, వాటికి ఏదో ఒక సమాధానం మీరు చెప్పగలరేమో. బాషా అన్న గుర్తు పెట్టాలంటే ముందు మనిషిని చూడాలి. ఎవరో విజయను అంత దగ్గరగా చూశారు. ఆమె ఎవరికీ చెప్పని సంగతి కనిపెట్టి, ఆ గది ఈమెకు కాదని గీశారు. అది బాషా అన్నే అని చెప్పే ధైర్యం నాకు లేదు, కాదని చెప్పే ధైర్యమూ లేదు. కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎంత ఆలోచించినా ఒక్క అడుగు ముందుకు పడలేదు. నాకు గట్టిగా తెలిసింది ఒకటే, అన్నేళ్లు పక్కనే ఉన్న నేను మాత్రం ఆమెను అట్లా చూడలేదు.

ఇంటికి వచ్చిన రోజే నా మంచం హాల్లోకి ఈడ్చుకున్నాను. కిటికీ కింద ఆమె, పక్కన నేను. వీధిలో అలికిడి తగ్గినప్పుడు నేనే ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటాను, ఆమె నిద్రపోయేదాకా.