సూదికి ఆడిట్ అడిగిన మనిషి

నర్సు సెలైన్ సీసా మార్చడానికి వచ్చింది. యాదగిరి సార్ కళ్లు తెరిచే ఉన్నారు. ఆమె వంక చూశారు, సీసా వంక చూశారు, ఏమీ అనకుండా ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. ఏ ఆసుపత్రిలోనైనా, ఎవరి మంచం పక్కన నిలబడినా, "ఏం మందు బిడ్డా ఇది? పేరు జెప్పి పెట్టు" అనకుండా ఊరుకునే మనిషి కాదాయన.

ఆయన అడగలేదు కాబట్టి నేను అడిగాను.

"సిస్టర్, అదేం మందు?"

"మీరు పేషెంటుకు ఏమైతరు?"

"వాళ్లింట్లో అద్దెకుంటాం."

"ఇంటోల్లకే చెప్తం మేడం. మీరు బయట కూసోండి."

ఆ సాయంత్రం ఉప్పల్‌లోని ఆ ఆసుపత్రిలోనే యాదగిరి సార్ కన్నుమూశారు. గుండె ఆగిందన్నారు. జ్వరంతో, ఆయాసంతో చేరి, ముందు రోజుకే తేరుకుని, నేను తీసుకెళ్లిన ఇడ్లీ తింటూ "చట్నీల గింత పులుపేందమ్మా, మీ కోస్తా మొత్తం చింతచెట్లేనా?" అని నన్ను ఏడిపించిన మనిషి ఇక లేరన్న మాట ఇప్పటికీ నా మనసుకు ఎక్కడం లేదు. పిల్లలు నిద్రపోయారు. మావారు పని మీద గుజరాత్‌లో ఉన్నారు. కింద సార్ వాటాలో ఈ వేళకు రేడియోలో వార్తలు వినిపించాలి. వినిపించడం లేదు. ఆ నిశ్శబ్దంలో కూర్చుని ఇది రాస్తున్నాను.

నాచారం కమ్యూనిటీ హాలుకు ఆదివారాలు వచ్చినవాళ్లకు ఆయన తెలుసు. తెలియనివాళ్లే ఎక్కువ.

ఆయన ఒక ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడి పద్ధతి గురించి ఎంత చెప్పినా ఆయనకు తనివి తీరేది కాదు. తనిఖీ చేసేవాళ్ల మీద తయారుచేసే విభాగానికి ఎలాంటి అధికారమూ ఉండేది కాదట. ఏదైనా భాగంలో లోపం కనబడితే దానికి ఎర్ర చీటీ కట్టేవారు. ఆ చీటీని ఫ్యాక్టరీ పెద్ద అధికారి వచ్చినా విప్పకూడదు. కట్టినవాళ్లే, సంగతి తేలాకే విప్పాలి. "ఆ చీటీ మీద ఎవడు జేసిండని రాయం బిడ్డా. ఎట్లయ్యిందని రాస్తం. ఎవడు జేసిండని అడిగితే అందరు నోరు మూసుకుంటరు" అనేవారు.

ఆయన భార్య సుగుణమ్మగారు ఒక నర్సింగ్‌హోమ్‌లో చిన్న ఆపరేషన్‌కు వెళ్లి తిరిగి రాలేదు. అదే పేరున్న మరో రోగికి ఇవ్వవలసిన ఇంజెక్షన్ ఆమెకు ఇచ్చారని తర్వాత బయటపడింది. నర్సింగ్‌హోమ్ వాళ్లు విచారణ జరిపారు. విచారణ చేసింది ఆపరేషన్ చేసిన డాక్టరుగారే. యాదగిరి సార్ ఆయన ఎదుటే అడిగారట: "సార్, సర్క్యూట్ బోర్డు తయారుజేసినోడే దాన్ని పాస్ చేస్తడా?"

"ఇది ఫ్యాక్టరీ కాదండీ" అన్నారు డాక్టరుగారు.

"గందుకే అడుగుతున్న. ఫ్యాక్టరీల ఖరాబైతే పక్కకు పడేసి ఇంకోటి జేస్తం."

కోర్టుకు వెళ్లమని చాలామంది చెప్పారు. నష్టపరిహారం ఇచ్చాక ఏం జరిగిందో కూడా చెబుతారా అని వకీలును అడిగి, చెప్పరని తెలుసుకుని, కోర్టు మెట్లు దిగి వచ్చేశారు. ఆయనకు కావలసింది వేరు. ఆసుపత్రుల చేతిలోగానీ, ఆరోగ్య శాఖ చేతిలోగానీ లేని ఒక స్వతంత్ర సంస్థ. రోగి వెళ్లి తన గోడు చెప్పుకునేది. నర్సు తన ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా వెళ్లి నిజం చెప్పగలిగేది. జరిగిందేమిటో తేల్చి, ఇంకో ఆసుపత్రిలో అదే పొరపాటు జరగకుండా అందరికీ తెలియజేసేది. "ఎలక్షన్లకు ఒక సంఘం ఉన్నది. సర్కారు ఖర్చుకు ఆడిట్ ఉన్నది. మనిషి ఒంట్లకు పోయే సూదికి ఆడిట్ వద్దా?" అని మంత్రుల పేషీల్లో, పత్రికల ఆఫీసుల్లో అడిగారు. నవ్వినవాళ్లు ఉన్నారు, టీ ఇచ్చి పంపినవాళ్లు ఉన్నారు.

సంస్థ వచ్చేలోపు అదెలా ఉండాలో చూపిస్తానని ఆదివారాలు హాల్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో ఏదైనా జరిగినవాళ్లు వచ్చి చెప్పవచ్చని బోర్డు పెట్టారు. చాలా ఆదివారాలు ఆ బోర్డు, ఆయన, సీలింగ్ ఫ్యాను తప్ప హాల్లో ఎవరూ ఉండేవారు కాదు. ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఒకసారి పిల్లలతో అటుగా వెళ్తుంటే లోపలికి పిలిచారు. ఆంధ్రా ఆవిడ పక్కన కూర్చుంటే ఎవరైనా ఏమైనా అంటారేమోనని నసిగాను. "సెలైన్ ఎక్కిచ్చేటప్పుడు ఏ ఊరని అడుగుతలేరు గదా? కూసో" అన్నారు. అప్పటి నుంచి వచ్చినవాళ్లు చెప్పేది రాసిపెట్టే పని నాదైంది. ఈ నగరంలో నా కోసం ఒక కుర్చీ వేసి ఉంచింది ఆయనొక్కరే.

మేడిపల్లి నుంచి ఒక ఆటోడ్రైవర్ తమ్ముళ్లు ఆవేశంగా వచ్చారు. అన్న చనిపోయాడు, ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడానికి పోతున్నాం, మీరూ రండి అన్నారు. "అద్దం పలిగితే రేపటికి కొత్తది బిగిస్తరు. మీ అన్నకు ఏమైందో మాత్రం ఇగ ఎన్నటికీ చెప్పరు" అన్నారాయన. "నువ్వు డాక్టర్ల మనిషివా పెద్దమనిషీ?" అని ఒకడు మీదికి వచ్చాడు. ఆ వారమే ఒక డాక్టర్ల సమావేశంలో ఆయనను ఆసుపత్రుల మీదికి జనాన్ని ఎగదోసేవాడని తిట్టారు. ఆ సంగతి చెప్పి నవ్వారు. "ఇద్దరు తిడుతున్నరంటే నడిమిట్ల సక్కగనే నిలబడ్డ అన్నట్టు." నవ్వారే గానీ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఒక ఆదివారం ముఖానికి చున్నీ కట్టుకుని ఒక నర్సు వచ్చింది. తమ వార్డులో రెండు వేర్వేరు మందుల సీసాలు ఒకేలా ఉంటాయని, రెండూ ఒకే ట్రేలో పెడతారని, ఎప్పుడో ఒకరోజు తన చేతులతోనే ఒకరి ప్రాణం తీస్తానేమోనని భయంగా ఉందని ఏడ్చింది. నేను పేరు రాయబోతే ఆయన నా చేయి పట్టుకుని ఆపారు. మర్నాడే ఆ ఆసుపత్రికి వెళ్లి, ఎవరు చెప్పారో చెప్పకుండా, ట్రేలు వేరుచేసేదాకా మేనేజరు గది ముందు నుంచి కదల్లేదు. అక్కడ ఎవరు బతికిపోయారో ఎవరికీ తెలియదు. ఆయన చేసిన పని అంతా అలాంటిదే. జరగనిదానికి దండ వేసేవాళ్లు ఉండరు.

రాష్ట్రం వచ్చిన రోజు కాలనీలో అందరికీ మిఠాయి పంచి, సాయంత్రం నాతో మళ్లీ కొత్త అర్జీ రాయించారు. "ఇప్పుడన్నీ కొత్తగ పెట్టుకుంటున్నరు గదా బిడ్డా. దీన్ని గూడ పెట్టుమందాం." ఆ అర్జీకి జవాబు రాకముందే ఆయన వెళ్లిపోయారు.

ఆయనకు పిల్లల్లేరు. నారపల్లిలో ఉండే తమ్ముడి కొడుకు వచ్చి కాగితాల మీద సంతకం పెట్టాడు. ఆ సీసాలో ఏముందో అడగమని బతిమాలాను. "ఇప్పుడు గివన్నీ ఎందుకక్కా? పెద్ద వయసు. అడిగితే పెద్దబాపు లేసొస్తడా?" అన్నాడు. మంచివాడే. ఏడుస్తూనే అన్నాడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు ఆసుపత్రికి వెళ్లినా ఒకటే ప్రశ్న, మీరు ఏమవుతారని. నేను ఎవరి మీదా నింద వేయడం లేదు. నిజంగానే గుండె ఆగి ఉండవచ్చు. కానీ బంధువు అడగడు, ఆసుపత్రి చెప్పదు, మూడో మనిషికి అడిగే హక్కు లేదు. ఆ మూడో మనిషికి హక్కు కావాలనే కదా ఆయన అన్నేళ్లు తిరిగింది!

ఆయన లోటు తీరనిదని రాయడం మర్యాద. ఆయన వింటే ఒప్పుకోరు. "నేనుంటెనే నడిచేదైతే అది సంస్థ గాదు, నా పిచ్చి" అనేవారు. మొన్న ఆదివారం హాలుకు వెళ్లాను. వాచ్‌మన్ తలుపు తీసి, "ఇంకెవరన్న వస్తరా మేడం?" అన్నాడు. తెలియదన్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆ హాల్లో అన్ని ఆదివారాలు ఒక్కరే కూర్చున్న మనిషికి చేతులెత్తి నమస్కరించి ఇంటికి వచ్చాను.

ఆయన పోయిన మర్నాడు పొద్దున్నే పిల్లలిద్దరూ మెట్ల మీద నిలబడి, తాతయ్య ఆసుపత్రి నుంచి ఇంకా ఎందుకు రాలేదని అడిగారు. దేవుడి దగ్గరికి వెళ్లారని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఇలా చెప్పాను: "తాతయ్య నిన్న సాయంత్రం ఆసుపత్రిలో చనిపోయారు. ఎందుకు చనిపోయారో అమ్మకు ఇంకా ఎవరూ చెప్పలేదు. మిమ్మల్ని బడిలో దింపి, అడగడానికి అక్కడికే వెళ్తున్నాను."