చాందిని మోసిన రెండోది

నిన్న నాగారంలోని నా క్లినిక్‌లో అయోడిన్ సీసా చేజారి పగిలింది. ఆ ఘాటు వాసన గదంతా కమ్ముకోగానే షామీర్‌పేట దాటాక ఉండే గుర్రాల ఫారం, అక్కడి చూడి గుర్రాల కొట్టం, గడప మీద కాళ్లు చాపుకుని కూర్చున్న సత్తెమ్మ, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. పుట్టిన పిల్ల బొడ్డుకు పెట్టడానికి ఆ మందు గిన్నెను ఆమె ఎప్పుడూ పక్కనే ఉంచుకునేది.

పశువైద్యం పట్టా చేతికొచ్చిన కొత్తలో ఆ ఫారంలో చేరాను. సత్తెమ్మది అత్వెల్లి. అరవై దాటిన మనిషి, బడి మొహం చూడలేదు. ముప్పై ఏళ్లుగా అక్కడ ఏ గుర్రం ఈనినా పిల్ల పడేది ఆమె చేతుల్లోనే. మొదటి రోజే నా స్కానింగ్ మిషన్‌ను పక్కకు జరిపింది. "మిషన్ తర్వాత పెట్టు డాక్టరమ్మా. ముందుగాల చెయ్యి వెట్టు. మాట్లాడకు" అంది.

తెల్లగుర్రం చాందినికి అప్పుడు పదో నెల. గుర్రం ఈనాలంటే పదకొండు నిండాలి. స్కానింగ్‌లో ఒకే పిల్ల, ఒకే గుండె చప్పుడు. సత్తెమ్మ దాని పొట్ట కింద అరచేయి ఆనించి చాలాసేపు కళ్లు మూసుకుంది.

"రెండున్నయి. ఒకటి సప్పుడు జేస్తలేదు."

"ఒకటే సత్తెమ్మా, నేను చూశాగా" అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

వారం తిరక్కుండానే చాందిని పొదుగు నుంచి పాలు కారడం మొదలైంది. అంత ముందుగా రాకూడదు. నేను ఇన్ఫెక్షన్ అనుకుని మందులు వేశాను. రోజూ మధ్యాహ్నం అది మేత మానేసి, కొట్టంలో ఒక మూలకేసి చెవులు నిక్కించి నిలబడేది. ఆ మూల ఏమీ లేదు. సన్నగా, లోగొంతుతో పిలిచేది. ఈనిన గుర్రం పిల్లను పిలిచే పిలుపది. "ఏం చూస్తోంది అక్కడ?" అని అడిగాను. సత్తెమ్మ మెత్తటి గడ్డి ఏరి తెచ్చి ఆ మూలలో చిన్న పక్క పరిచింది.

నెలలు నిండడానికి ఇంకా రెండు వారాలుండగా, మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, కొట్టంలో గడ్డి నమిలే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. పక్క అరల్లోని గుర్రాలన్నీ మెడలు తిప్పి చాందినినే చూస్తున్నాయి.

"ఇగ జల్దీ రా" అంది సత్తెమ్మ.

ముందుగా తెల్లటి పొర రావాలి. ఎర్రటి సంచి వచ్చింది. మావి విడిపోయిందని, లోపల పిల్లకు ఊపిరి అందడం లేదని అర్థం. చదివిందంతా గుర్తుంది, చేతులే కదల్లేదు. సత్తెమ్మ కత్తెర నా చేతిలో కుక్కింది.

"కొయ్యి బిడ్డా! ఆలోచన జేస్తే పానం పోతది!"

కోశాను. ఇద్దరం లాగాం. ఆడపిల్ల, కదలిక లేదు. గోనెపట్టాతో రుద్దుతూనే ఉన్నాం. ఎంతసేపటికో తుమ్మి, ఊపిరి పీల్చింది.

తర్వాత మావి పడింది. దాని మడతల్లో మూరెడు పొడవున, ఎండిన తోలులా గోధుమరంగులో ముడుచుకుపోయిన రెండో పిల్ల ఉంది. కాళ్లకు గిట్టలు కూడా వచ్చాయి. సత్తెమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి మూలనున్న పక్క మీద పడుకోబెట్టింది. చాందిని వణుకుతూ లేచి, బతికినదాన్ని దాటుకుని నేరుగా అక్కడికే వెళ్లింది. వాసన చూసింది. నాకింది. లోగొంతుతో ఒకసారి పిలిచింది. ఆ తర్వాతే వెనక్కి తిరిగి బతికిన పిల్లకు పాలిచ్చింది. ఆ మూలకేసి మళ్లీ ఎన్నడూ చూడలేదు.

"తల్లికి సూపియ్యాలె, లేకుంటే ఎతుకుతనే ఉంటది" అంది సత్తెమ్మ చేతులు కడుక్కుంటూ.

"నీకెలా తెలిసింది?"

కాసేపు నీళ్లు పోసుకుంటూనే ఉంది. "నా కడుపుల గిట్లనే అయింది. ఒకడు బతికిండు. రెండోదాన్ని నాకు సూపియ్యకనే తీస్కవోయిన్రు. గిప్పటికి ఎతుకుతున్న."

సత్తెమ్మ ఇప్పుడు లేదు. నా దగ్గరికి కుక్కలు, పిల్లులే ఎక్కువగా వస్తాయి. మిషన్ పెట్టేముందు చెయ్యి పెడతాను, మాట్లాడను. కొన్నిసార్లు అరచేతి కింద, కదిలే ప్రాణాల నడుమ, ఒకచోట మాత్రం నిశ్శబ్దం తగులుతుంది. అదేమిటో ఎవరికీ చెప్పలేను. కిందటి నెలలో ఒక కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది, ఒకటి చనిపోయే పుట్టింది. యజమానురాలు గబగబా దాన్ని పేపర్లో చుట్టేసింది. నేను విప్పి తల్లి ముందుంచాను.

"ఎందుకండీ, పాపం!" అందావిడ.

కుక్క దాన్ని తల నుంచి తోకదాకా వాసన చూసింది. ముక్కుతో రెండుసార్లు కదిపింది. చివరకు మొహం తిప్పుకుని మిగిలిన మూడింటి దగ్గర ఒరిగి పడుకుంది.

"ఇప్పుడు దాన్ని తీసుకెళ్లండి" అన్నాను.