నలుపు పూసిన అద్దె రసీదులు

మూడేళ్ల కిందట జూలైలో నేను దాఖలు చేసిన ఒక రిటర్నుకు అదే ఏడాది నవంబరు మొదటి వారంలో నోటీసు వచ్చింది. అప్పటికి చీరాలలో పన్నుల సలహాదారుగా నాకు ముప్ఫై ఏళ్లు నిండాయి. ఆ రిటర్ను సునీత అనే సైన్సు టీచరుది. ఆమె భర్త ప్రభుదాసు వేటపాలెం వాడు, సైన్యంలో హవల్దారు. యూనిట్ ఆఫీసులో గుమాస్తా పని.

ఆదాయపు పన్ను కేంద్రానిది, వృత్తి పన్ను రాష్ట్రాలది. సైనికుడి జీతానికి వృత్తి పన్ను ఉండదు. అతని వెంట సామాను సర్దుకుని తిరిగే భార్య జీతానికి మాత్రం ఆ దయ లేదు. సునీత ఆ సంవత్సరం సగం పంజాబులో, సగం మహారాష్ట్రలో పాఠాలు చెప్పింది. అందువల్ల రెండు బడులు, జీతం, పన్ను కోత చూపే ఫారం పదహార్లు రెండు, రెండు రాష్ట్రాల వృత్తి పన్ను కోతలు. క్వార్టర్ దొరక్క రెండుచోట్లా అద్దెకున్నారు. ఆ అద్దెను ఏ బడీ లెక్కలోకి తీసుకోలేదు కనుక నేను రిటర్నులో చూపించాను. దానితో ఆమె జీతంలో ఆదాయపు పన్నుగా కోసిన ఇరవై రెండు వేలూ తిరిగి రావాలి. రసీదులున్నాయా అని ఫోనులో అడిగితే, ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయండీ అంది. నేను నమ్మాను, తప్పు నాదే.

ఆ డబ్బు ఫ్రిజ్ కోసం. పంజాబు నుంచి లారీలో వెళ్లిన పాత ఫ్రిజ్ మహారాష్ట్రలో దిగేసరికి బీరువాగా తప్ప పనికిరాలేదు. సునీత అందులో పరీక్ష పేపర్లు పెట్టుకునేది. కొత్తది కొంటేగానీ ఇంకో బదిలీకి కదలనని భర్తకు చెప్పేసింది. నోటీసుకు నెల రోజుల్లో రసీదులు చూపకపోతే అద్దె మినహాయింపు కొట్టేస్తారు.

గడువుకు ఆరు రోజుల ముందు ప్రభుదాసు భార్యతో సెలవు మీద వేటపాలెం వచ్చి, ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నాడాతో కట్టి, పేజీలకు నంబర్లు వేసి, పైన విషయసూచిక అతికించిన ఫైలు. అంత చక్కటి ఫైలు నా అనుభవంలో చూడలేదు. తెరిచాను. ప్రతి కాగితం మీదా ఊరి పేరు, వీధి పేరు, ఇంటివారి పేరు, ఫోన్ నంబరు నల్ల మార్కరుతో కొట్టేసి ఉన్నాయి. ఫారం పదహార్ల మీద బడి పేర్లు లేవు. ఆధార్ నకలు మీద వేటపాలెం కూడా లేదు.

అసలు రసీదులు ఏవని అడిగాను. అవే అసలువన్నాడు.

"ఉన్న చోటు బయట చెప్పకూడదండి. రూలు," అన్నాడు.

ఆ రూలు యూనిట్ కాగితాలకేగాని మేడ మీది రెండు గదుల అద్దెకు కాదని చెప్పాను. పోర్టల్‌లో రాష్ట్రం గడి ఖాళీగా వదిలితే ముందుకు పోదని కూడా చెప్పాను.

"భారతదేశం అని పెట్టండి సార్."

నాకు ఒళ్లు మండింది. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. ఇక్కడ గుట్టు దాచడమే చేటయింది. సునీతను వెంటనే పంపమన్నాను. ఆమె అత్తగారు మరియమ్మను తోడు తీసుకుని వచ్చింది. మరియమ్మ జీడిపప్పు బట్టీలో పనిచేస్తుంది. సునీత ఊళ్ల పేర్లు చెప్పేసింది: జలంధర్, పుణే. కానీ ఇంటివారి నంబర్లు ఆమె దగ్గర లేవు. భర్త నెల కిందటే ఆమె ఫోను కూడా శుభ్రం చేశాడట.

"మీరు కాపాడింది దేశాన్ని కాదండీ, ఇన్‌కం ట్యాక్స్ వాళ్లని," అంది భర్తతో.

అప్పటిదాకా గోడవారన కూర్చున్న మరియమ్మ సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. అది వాళ్ల చర్చిలో స్త్రీల ప్రార్థన కూడిక పుస్తకం. ఎవరి కోసం ఏమని ప్రార్థించాలో అందులో రాసుకుంటారు. నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం ఆ కూడికలో ప్రభుదాసు కాపురమున్న ఇల్లు నంబరుతో సహా చదువుతున్నారు. ఇంటివారూ ఉన్నారు. జలంధర్‌లో గుర్మీత్ కౌర్, మోకాలి ఆపరేషన్. పుణేలో కులకర్ణి గారి భార్య, కోడలి కాన్పు. పక్కనే ఫోన్ నంబర్లు, సునీత ఎప్పుడో ఇచ్చినవి.

హవల్దారు ముఖం ఫారం పదహారులా నల్లబడింది. ఎంతమందికి చెప్పావమ్మా అని అడిగాడు.

"కూడికలో నలభై మందిమి. అడ్రసు లేకుండా ఎట్టా ప్రార్థన చేస్తార్రా?" అంది మరియమ్మ.

వాళ్లతో ఏ భాషలో మాట్లాడతారని నేనడిగాను.

"నేను తెలుగే సారూ. ఆవిడ ఆవిడ భాషే. నొప్పులు తెలుస్తాయిగా."

నా ఎదుటే ముందు జలంధర్‌కు, తర్వాత పుణేకు ఫోను చేసింది. పావుగంట మోకాళ్ల సంగతి, కాన్పు సంగతి అయ్యాక సునీత అందుకుని, హిందీలో రసీదుల మాట ఎత్తింది. సాయంత్రానికి ఆ ఇంటివారిద్దరూ రసీదుల నకళ్లు సంతకాలతో వాట్సాప్‌లో పంపారు. బడులు ఫారం పదహార్లు మళ్లీ మెయిల్ చేశాయి. అన్నీ ఎక్కించి, అసలు రసీదులు పాడైనందున నకళ్లు జతచేస్తున్నామని ఉన్నదున్నట్టు రాశాను. ఎలా పాడయ్యాయో రాయలేదు. ఫిబ్రవరిలో సొమ్ము జమయింది, ఫ్రిజ్ వచ్చింది.

నేను నేర్చుకున్నది చిన్న విషయం. కాగితం దాచుకునేవాడి దగ్గర కాగితమే ఉంటుంది. వివరాలు కుశలం అడిగేవాళ్ల దగ్గర ఉంటాయి. ఆ తర్వాత నేను ఈ పని మానుకునేదాకా సైనిక కుటుంబాలు ఎవరు వచ్చినా, ఫైలు తర్వాత చూస్తాను, ముందు మీ అమ్మగారిని తీసుకురండి అనేవాణ్ణి. మళ్లీ ఏ నోటీసు జవాబూ గడువు దాకా ఆగలేదు.